గాయకునకును శ్రోతకును నడుమ

పెనుగొండ గోదావరీ మండలమున పేరుగన్న క్షేత్రము. వాసవీ కన్యకాపరమేశ్వరిని, నగరేశ్వరస్వామిని దర్శించుటకు దూరదేశములనుండి వైశ్యకుటుంబములు అచ్చటికి వచ్చుచుండును. ఇట్టి క్షేత్రములలో ఉత్సవము జరుగునెడ సన్నాయియు, డోలును, భజనయు, హరికథయు ఉండక తప్పదు. యాత్రికుడు దేవుని చూచును, పాట విని తలయూచును, తన దారిని పోవును. ఆ సన్నాయివాడేయూరివాడు? అతనిని పిలిపించినవారెవరు? ఆ పిలుపు అతనికే వచ్చి పొరుగూరివానికేల రాలేదు? ఈ ప్రశ్న యాత్రికునకు తోచదు. మన సంగీతచరిత్రకారులకును అంతగా తోచినట్లు కానరాదు. ఈ వ్యాసమున మేమా ప్రశ్ననే విచారింపదలచితిమి.

సంగీతచరిత్ర వ్రాయువారు వాగ్గేయకారులను గూర్చి వ్రాసిరి, గాయకులను గూర్చి వ్రాసిరి, పోషించిన ప్రభువులను గూర్చి వ్రాసిరి. గాయకునకును శ్రోతకును నడుమ నిలిచి 'ఇతని పాట మీరు వినదగినది' అని చెప్పినవానిని గూర్చి వ్రాసినవారరుదు. అతడొకకాలమున మేళగాడు, ఒకకాలమున దివాను, ఒకకాలమున సభా కార్యదర్శి, ఒకకాలమున రేడియో ఉద్యోగి. నేడతడు ప్లేలిస్టు అనబడు పాటల వరుసను కూర్చువాడు. పేర్లు మారినను పని ఒక్కటియే. ఆ పని చేయుటలో వీరందరును అడిగిన ప్రశ్నయు ఒక్కటియే: 'నీవెవరివంటివాడవు?'

పూర్వకాలమున ఈ ప్రశ్న 'ఎవరి శిష్యుడవు?' అను రూపమున నుండెను. గాయకుడు క్రొత్తగా నొక సంస్థానమునకు పోయినచో అతని పాట వినుటకు ముందు గురువు పేరడిగెడివారు. గురువు పేరు విన్నంతనే అతని బాణి ఎట్టిదో, కీర్తనలెట్టివో, పల్లవి పాడగలడో లేడో వినువారికి కొంత తెలియును. ఇది కేవలము ఆడంబరము కాదు. గ్రామఫోను పుట్టని కాలమున ఒకని విద్యను ముందుగా తెలిసికొనుటకు ఇంతకన్న వేరు సాధనము లేదు. పరంపర అనునది ఒక విధమైన పరిచయపత్రము.

ఈ పద్ధతి వలన మేలు కలిగిన సందర్భములు మన మండలమునందే కలవు. కోనసీమలోని శంకరగుప్తమున 1930 వ సంవత్సరమున జన్మించిన మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి శిష్యులు. పంతులుగారు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రిగారి శిష్యులు. శాస్త్రిగారు మానాంబుచావడి వేంకటసుబ్బయ్యగారి శిష్యులు. వేంకటసుబ్బయ్యగారు సాక్షాత్తు త్యాగరాజస్వామి శిష్యులు. విజయవాడలో జరిగిన సద్గురు ఆరాధనోత్సవమున పసివాడైన మురళీకృష్ణుని పాట పండితులు చెవియొగ్గి వినిరి. ఆ చెవి తెరపించినది మొదట గురువు పేరు. తెరచిన చెవిని నిలుపుకొన్నది బాలుని విద్య. హరికథకులు ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతులుగారు అతని పేరునకు ముందు 'బాల' అను పదమును చేర్చిరి. ఇట్లు పరంపర తలుపు తీయుటయు, ప్రతిభ లోనికి పోవుటయు జరిగినపుడు ఎవరికిని ఆక్షేపము లేదు.

పిఠాపురము కథ దీనికంటె విశాలమైనది. ఆ సంస్థానమునందు తుమరాడ సంగమేశ్వర శాస్త్రిగారు వైణికులుగా వెలసిరి. రవీంద్రనాథ ఠాకూరుగారు పిఠాపురమునకు వచ్చినపుడు వారి వీణను విని శాంతినికేతనమునకు ఆహ్వానించిరి. వంగదేశపు కవికి ఆంధ్ర వైణికుని పరంపరతో పనిలేదు. 'ఎవరివంటివాడు' అను కొలతయు లేదు. మహారాజుగారి కొలువనునది ఒక వేదికయై, ఆ కవిచెవిని ఈ వీణను ఒకచోటికి చేర్చినది. నడుమనున్నవాడు చేయగల ఉత్తమమైన పని ఇదియే యని మేము తలచుచున్నాము. తెలిసినదానికి తెలిసినదానిని జతచేయుట సులభము. తెలియనిదానిని తెలియనివాని చెంతకు చేర్చుట కష్టము.

ఇక రెండవ ప్రక్క చూడవలయును. 'ఎవరివంటివాడవు' అను ప్రశ్నకు గురువు పేరు మాత్రమే కాక పుట్టుకయు సమాధానమైపోయిన దినములు కలవు. గోదావరీతీరమున కలావంతులు అనబడిన స్త్రీలు తరతరములుగా పదములు, జావళీలు, వర్ణములు, అభినయము కాపాడిరి. ఆలయమునందును, జమీందారుల ఇండ్ల పెండ్లిండ్లలోను వారి మేళమునకు తాంబూలమిచ్చి బయానా కట్టుట పెద్దరికమునకు గురుతుగా నుండెను. అయితే ఆ పిలుపులో విద్యాగౌరవమెంతయో, దేహవాంఛ అంతకు మించి యుండెనని కందుకూరి వీరేశలింగం పంతులుగారు రాజమహేంద్రవరమునుండి ఎలుగెత్తి చాటిరి. 1874 లో వెలసిన వివేకవర్ధనియందు ఆయన చేసిన పోరాటములలో వేశ్యామేళముల ఖండన మొకటి. ఆ ఖండన అవసరమైనది. చిన్నతనముననే ఆడుపిల్లను ఇట్టి బ్రదుకునకు అంకితము చేయుట ధర్మము కాదు. 1947 వ సంవత్సరపు మదరాసు చట్టము దానిని నిషేధించుట న్యాయమే.

కాని సంస్కారపక్షమువారమైన మేము ఒక సత్యమును దాచరాదు. దురాచారమును తొలగించుచు మనము ఆ స్త్రీల పాటనుకూడ వాకిట వెలుపల నుంచితిమి. మేళమును పిలువరాదని గృహస్థులు ప్రతిజ్ఞలు పట్టిరి. మేళము పోయిన పిదప ఆ విద్యావతులను గాయనులుగా ఏ సభ పిలిచినది? స్వాతంత్ర్యము వచ్చు సమయమున రేడియోశాఖ సర్దారు పటేలుగారి చేతిలో నుండగా, లోకమున అపవాదుపడిన జీవితము గలవారిని పాడనీయరాదను ఉత్తర్వు వెలువడినది. పాట యోగ్యమా అని కాక, పాడునామె ఎట్టివారివంటిది అని అడిగిన ప్రశ్న యిది. అత్తిలి చేరువనున్న బల్లిపాడులో మదనగోపాలస్వామి ఆలయమును ఆశ్రయించి బ్రదికిన కలావంతుల కుటుంబమునుండి సరిదె మాణిక్యాంబగారు తమ అభినయవిద్యను ముసలితనము వరకు నిలుపుకొనిరి. నటరాజ రామకృష్ణగారి వంటివారు వెదకిపట్టుటచేత ఆ విద్యలో కొంత లోకమునకు దక్కినది. వెదకువారు రాని ఇండ్లలో ఎంత అంతరించెనో లెక్క చెప్పగలవారు లేరు.

పోలికను బట్టి పిలుచుట ఎంత సహజమో, అంత క్రూరముగను మారగలదని ఈ చరిత్ర మనకు నేర్పుచున్నది.

ఇరువదవ శతాబ్ది ఆరంభమున ప్రభువుల కొలువులు తగ్గి సభలు వెలసెను. కాకినాడలో సరస్వతీ గానసభ 1904 లో ఏర్పడెను. ఒక్క జమీందారు రుచికి బదులు చందాదారుల రుచి ప్రధానమయ్యెను. పిలుచువాడు ప్రభువు కాక కార్యదర్శి యయ్యెను. అతడు రాజువలె తన ఇష్టమున పిలువజాలడు. చందాలు నిలువవలయును గదా. కావున పోయిన ఏట ఎవరి కచేరికి పందిరి నిండెనో వారినో, వారివంటివారినో పిలుచుట అలవాటయ్యెను. నాటకములకు కంట్రాక్టరులు వచ్చిరి. ఒక నటుని పద్యమునకు ఒకయూర 'వన్సుమోరు' కొట్టిరనిన, అట్టి గొంతుకకే పొరుగూర గిరాకి. గ్రామఫోను వచ్చిన పిమ్మట ఈ గిరాకి ప్లేటు రూపమున అంగడికెక్కినది. పేరొందిన గొంతుకవలెనున్న గొంతుకనే కంపెనీలు వెదకెను.

ఘంటసాల వేంకటేశ్వరరావుగారి వృత్తాంతము ఇచ్చట స్మరింపదగినది. విజయనగరమున మధుకరమెత్తి సంగీతము నేర్చిన ఆ యువకుడు మదరాసు చేరినపుడు, అతని గొంతుక రికార్డింగునకు తగదని ఒక కంపెనీలో త్రోసిపుచ్చిరని ప్రసిద్ధి. మరల దారి కల్పించినవారు పేకేటి శివరాముగారు. ఆ గొంతుకయే తరువాత తెలుగునాట ముప్పది సంవత్సరములు ఇతర గాయకులను కొలుచుటకు కొలబద్ద యయ్యెను! ఆ తరువాత వచ్చినవారిని 'ఘంటసాలవలె పాడగలవా' అని అడిగిరి. తొలుత ఘంటసాలను మాత్రము 'నీవెవరివలె పాడుదువు' అని అడిగియుందురు. నిన్న ఎవరివలెను లేడని త్రోయబడినవాడు నేడు అందరకును పోలిక యగుట కళాలోకమున వింత కాదు, నియమము.

రేడియో వచ్చిన పిదప నడుమనున్నవాని చేతికి మునుపెన్నడును లేని బలము కలిగెను. మదరాసు కేంద్రము 1938 జూనులోను, విజయవాడ కేంద్రము 1948 డిసెంబరులోను ప్రారంభమయ్యెను. నిడుదవోలులో 1920 లో జన్మించిన బాలాంత్రపు రజనీకాంతరావుగారు 1941 లో మదరాసు కేంద్రమున చేరిరి. ఆయన స్వయముగా కవి, గాయకుడు, స్వరకర్త. వాగ్గేయకారుల చరిత్ర వ్రాసి 1961 లో సాహిత్య అకాడమీ బహుమానమందిన పండితుడు. విజయవాడ కేంద్రమునుండి తెల్లవారుజామున వెలువడిన 'భక్తిరంజని' ఆయన పేరుతోను, బాలమురళీకృష్ణగారి పేరుతోను ముడివడియున్నది. నేటి భాషలో చెప్పవలెనన్న 'భక్తిరంజని' తెలుగువారి మొదటి గొప్ప ప్లేలిస్టు. అన్నమయ్య, రామదాసు, సదాశివబ్రహ్మేంద్రులు, జానపదుల తత్త్వములు అందులో ఒక పంక్తిని కూర్చుండెను. సంగీతసభలో తత్త్వమునకు చోటు లేదు; బైరాగి మఠములో వర్ణమునకు చోటు లేదు. రెండింటిని ఒక ఉదయమున వినిపించినవాడు పోలికలను చూడలేదనుట తప్పు. చూచినాడు, కాని బాణీని మించిన పోలికను చూచినాడు. భావమునందలి పోలిక అది.

రేడియోవారు వేరొక మార్గమును గూడ త్రొక్కిరి. 1952 లో బి. వి. కేస్కరుగారు మంత్రియైన పిమ్మట కళాకారులను పరీక్షించి శ్రేణులుగా నేర్పరచు పద్ధతి దేశమంతట నెలకొనెను. పాడువాని రూపము కానక పాట మాత్రము విని తీర్పు చెప్పవలెననుట దాని ఆశయము. పేరుపొందిన విద్వాంసులు 'మాకును పరీక్షయా' అని మండిపడిరి. వారి కోపము మాకు తెలియును. అయినను కులము, ఊరు, సిఫారసు ఉత్తరము అడ్డురాక గొంతుక మాత్రమే వినబడుట ఒక పేదవానికెంత మేలో అదియు తెలియును. అదే కేస్కరుగారు సినిమాపాటను తగ్గింపబూనగా జనులు సిలోను రేడియోవైపు తిరిగిరి. అచ్చటినుండి మీనాక్షీ పొన్నుదురైగారి తెలుగు పలుకు వినని ఇల్లు ఆనాడు అరుదు. 1957 అక్టోబరులో వివిధభారతి ప్రారంభించి ప్రభుత్వము దిగివచ్చెను. శ్రోతను నిర్బంధించి రుచి నేర్పజాలమని దీనివలన తేలినది.

ఇంతవరకు చెప్పిన వారందరకును ఏదో యొక పోలిక దొరకినది. పోలికయే లేనివాని సంగతి యేమి? దీనికి సమాధానము పెనుగొండకు కొలది క్రోసుల దూరమున నున్న పాలకొల్లులో దొరకును. ఉప్పలపు శ్రీనివాసుగారు అచ్చట 1969 ఫిబ్రవరిలో జన్మించిరి. తండ్రి బ్యాండుమేళములో పనిచేసిన సత్యనారాయణగారు. బాలుడు చేతబట్టినది మాండలిను. ఇది పాశ్చాత్యవాద్యము, కర్ణాటక కచేరీలో దానికి పరంపర లేదు, కీర్తన పలికించుటకు పాఠక్రమము లేదు. రుద్రరాజు సుబ్బరాజుగారు చెంబై వైద్యనాథ భాగవతారుగారి శిష్యులు. ఆయనకు మాండలిను వాయించుట రాదు. ఆయన పాడుచుండగా బాలుడు విని వాయించుచుండెను. 1978 లో గుడివాడలోని త్యాగరాజారాధనోత్సవమున ఆ బాలుడు మొదటి కచేరి చేసెను. తరువాతి కథ లోకవిదితము. 2014 సెప్టెంబరులో ఆయన అకాలమరణమందునాటికి ఖండాంతరములలో ఆ పేరు తెలియనివారు లేరు. గుడివాడ పెద్దలు 'నీవెవరివంటివాడవు' అను ప్రశ్ననే పట్టుకొని కూర్చుండినచో, ఆ బాలుడు చెప్పదగిన సమాధానమే లేదు.

ఇప్పుడు మన కాలమునకు వత్తము. నేడు గాయకుడు పాటను రికార్డుచేసి లోకమునకు విడుచుట కష్టము కాదు. పల్లెటూరి యింట కూర్చుండి చేయవచ్చును. వినువానిని వెదకుటయే కష్టము. 1994 లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున ఉపేంద్ర శార్దానంద్, పాటీ మేస్ అనువారు 'రింగో' అను యంత్రవ్యవస్థను నిర్మించిరి. నీకు నచ్చిన గాయకులను చెప్పినచో, నీవంటి రుచిగలవారికి మరియెవరు నచ్చిరో అది చెప్పును. ఇది జనుల పోలిక. 2000 లో ఆరంభమైన పండోరావారు వేరొకదారి పట్టిరి. సంగీతజ్ఞులను కూర్చుండబెట్టి ఒక్కొక్క పాటయందలి లయ, గాత్రము, వాద్యముల గుణములను గుర్తింపించిరి. ఇది నాదపు పోలిక. 2005 లో పుట్టిన ఎకోనెస్టు అను సంస్థ పాటల నాదమును, వానిని గూర్చి జనులు వ్రాసిన వ్రాతలను యంత్రముచేత పరిశీలింపించెను. దానిని 2014 లో స్పాటిఫై కొనెను. 2015 లో ప్రతి సోమవారము ఒక్కొక్క శ్రోతకు ముప్పది పాటల వరుసను పంపు పద్ధతి వచ్చెను. 2019 ఫిబ్రవరిలో ఆ సంస్థ భారతదేశమునకు వచ్చునాటికే సావన్, గానా వంటి దేశీయ సంస్థలు ఇచ్చట పనిచేయుచుండెను.

ఈ యంత్రమునకు పోలిక తెలియునదెట్లు? లక్షలకొలది మనుష్యులు తమకై కూర్చుకొన్న పాటల వరుసలను అది చదువును. ఏ పాట ప్రక్కన ఏ పాట తరచు కూర్చుండునో లెక్కించును. తరచు ప్రక్క ప్రక్కన నున్నవి ఒండొంటిని పోలినవని నిశ్చయించును. అనగా యంత్రమునకు గురువు మనుష్యుడే. మన పంక్తిభోజనములను చూచి అది బంధుత్వములు నేర్చుకొనుచున్నది. ఇందలి సౌలభ్యము స్పష్టము. ఇందలి దోషమును అంతే స్పష్టము. ఏ పంక్తియందును ఎన్నడును కూర్చుండనివానికి ప్రక్కవాడు లేడు. ప్రక్కవాడు లేనివానికి పోలిక లేదు. పోలిక లేనివానికి విస్తరి వేయువాడు లేడు.

కావుననే ఇప్పుడు గాయకులు వరుసలు కూర్చువారిని వెదకికొని పోవుచున్నారు. ఈ జతకూర్చు పనికై సంస్థలును పుట్టినవి. 2015 లో వెలసిన సబ్మిట్‌హబ్ వంటిచోట్ల గాయకుడు కొంత రుసుము చెల్లించినచో కూర్పరి అతని పాట విని అభిప్రాయము చెప్పును. 'మీవంటి కళాకారులెవరు? వారి పేర్లు వ్రాయుడు' అని ఇట్టిచోట్ల అడుగుదురు. ఆ పేర్లు గల వరుసలను వెదకి, వాని కూర్పరుల చెంతకు ఇతని పాటను పంపుదురు. 'ఎవరి శిష్యుడవు' అను పిఠాపురపు ప్రశ్నయే వేషము మార్చి వచ్చినది.

వినుటకు రుసుము తీసికొనుట వేరు, చోటిచ్చుటకు లంచము తీసికొనుట వేరు. అమెరికాలో రేడియోవారు గ్రామఫోను కంపెనీలవలన రహస్యముగా ధనము తీసికొని పాటలు వేయుట 1959 లో బయటపడి, 1960 లో దానిని నేరముగా చట్టము చేసిరి. మన పల్లెలలో మేళమును పిలిపించిన దళారి బయానాలో కొంత మిగుల్చుకొనుట ఎవరెరుగరు? ధనమిచ్చినవానికే చోటు దొరకునెడ ఆ వరుసను సిఫారసు అనరాదు. అది అంగడివీధి బల్ల మాత్రమే.

అయితే చేయవలసినదేమి? మా మతము కొలది మాటలలో చెప్పెదము. మొదటిది, గాయకుడు తన పోలికను నిజాయితీతో చెప్పవలయును. సన్నాయి వాయించువాడు ఎక్కువ మంది వినుచున్నారని సినిమాగాయకుని పేరు వ్రాసినచో, ఆ గాయకుని అభిమానుల చెంతకు ఇతని సన్నాయి చేరును. వారు నాలుగు క్షణములు విని దాటిపోవుదురు. యంత్రము ఇతడు విననర్హుడు కాడని నేర్చుకొనును. ఇరువదిమంది సన్నాయిప్రియులు గల చిన్న వరుస అతనికి లక్షమంది గల పెద్ద వరుసకన్న మేలు. తన రాగము, సంప్రదాయము, తాను విని నేర్చినవారి పేర్లు వ్రాయుటయే అతనికి శ్రేయస్కరము.

రెండవది, కూర్పరి తన వరుసలో పోలికకు లొంగని పాటకు ఒక్క చోటైనను విడువవలయును. పోలిక శ్రోతను కూర్చుండబెట్టును. క్రొత్తది అతనిని మేల్కొలుపును. రెండును లేక శ్రవణము లేదు.

మూడవది, పాటతో పాటు పేరును భద్రపరుపవలయును. ఎవరు పాడిరి, ఎవరు మృదంగము వాయించిరి, రచన యెవరిది, ఊరేది అను వివరములు తెలుగులో సరిగా వ్రాయక పాటను లోకమున విడుచుట, చిరునామా లేని ఉత్తరమును టపాలో వేయుట వంటిది. యంత్రమును అనుటకు ముందు మన నిర్లక్ష్యమును మనమనుకొనవలయును. బల్లిపాడు వంటి గ్రామములలోని విద్య సగము పోయినది వినువారు లేక కాదు, వ్రాసి యుంచినవారు లేక. గ్రామగ్రంథాలయములును, ఆలయధర్మకర్తలును, సంగీతసభలును తమ మండలమునందలి గాయకుల పాటలను వివరములతో కూర్చి వరుసలుగా లోకమునకు అందించుట ఏమంత వ్యయముతో కూడిన పని?

ఈ కార్యమునకు పెనుగొండకన్న తగిన చోటు కలదా? యాత్రికులు దేశము నలుమూలలనుండి వచ్చెదరు, పాట విందురు, ఇండ్లకు పోవుదురు. ఆ సన్నాయివాని పేరును, ఊరును వారికి చెప్పి పంపిన చాలును. వారు విన్నదానిని తమ ఇంట మరల వెదకి విందురు; ఇరుగుపొరుగునకు వినిపింతురు. వారి వరుసలలో ఇతని పాట మరియొక పాట ప్రక్కన కూర్చుండును. అప్పుడు యంత్రమును నేర్చుకొనును. సంస్కర్తలు ఒకనాడు ఎవరి ప్రక్కన ఎవరు కూర్చుండవచ్చునను ప్రశ్నపై సహపంక్తి భోజనములు నడపి, మాటలు పడి, నిలిచిరి. పాటల పంక్తిలో ఆ పని చేయుటకు మాటలు పడవలసిన పనిలేదు. వినిన పేరును మరువక చెప్పుటయే చాలును.